పిల్లల సర్జరీకి పదేళ్ల ప్రణాళిక: రాష్ట్ర శాఖలో ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టాలి

పిల్లల సర్జన్ల సొసైటీ సమావేశాల్లో భవిష్యత్తు మాట రాగానే మొదట లేచే కోరిక ఒకటే: ఎంసీహెచ్ (ఎంఎస్ తర్వాత చదివే సూపర్ స్పెషాలిటీ సర్జరీ డిగ్రీ) సీట్లు పెంచాలి. పీడియాట్రిక్ సర్జరీలో ఇది తలకిందుల లెక్క. నీట్ సూపర్ స్పెషాలిటీ కౌన్సెలింగ్ ముగిసేసరికి ఖాళీగా మిగిలే బ్రాంచీల్లో మనదీ, గుండె–ఛాతీ సర్జరీదీ ప్రతిసారీ వినిపించే పేర్లే. ఉన్నవే నిండకపోతే కొత్తవి అడిగి ఏం లాభం? చదివి బయటికొచ్చినవాళ్లకు జిల్లాల్లో పోస్టులు లేవు. పోస్టు ఉన్న చోట పసిపిల్లలకు మత్తు ఇవ్వగలిగే డాక్టరు ఉండరు. ఇద్దరూ ఉంటే ఎన్ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూ) వెంటిలేటర్ దొరకదు. అందుకే ప్రణాళికను పోస్టుల దగ్గర మొదలుపెట్టండి. సీట్ల సంగతి ఆఖర్న చూద్దాం.

ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పీడియాట్రిక్ సర్జన్స్ 1965లో అసోసియేషన్ ఆఫ్ సర్జన్స్ ఆఫ్ ఇండియాలో ఒక విభాగంగా మొదలైంది. జాతీయ సంఘం మార్గదర్శకాలు ఇస్తుంది, సదస్సులు పెడుతుంది. కానీ పోస్టు మంజూరు, ప్యాకేజీ రేటు, అంబులెన్స్, ఎస్ఎన్‌సీయూ (ప్రభుత్వాసుపత్రిలో జబ్బుపడ్డ నవజాత శిశువుల యూనిట్) అన్నీ రాష్ట్రాల చేతిలో ఉన్నాయి కాబట్టి ఈ పని రాష్ట్ర శాఖే ఎత్తుకోవాలి. 2014 తర్వాత తెలుగు సర్జన్లు ఎన్ని సదస్సులు కలిసి జరుపుకున్నా, అడగాల్సింది ఇద్దరు డీఎంఈలను (వైద్య విద్యా సంచాలకులను), రెండు ఆరోగ్య పథకాల ట్రస్టులను. విశ్లేషణ ఒకటే రాసుకోవచ్చు, అర్జీలు మాత్రం రెండు ఉండాలి. రెండు ప్రభుత్వాల పేర్లూ ఉన్న కాగితాన్ని ఏ సెక్రటేరియట్‌లోనూ ఎవరూ తమదనుకోరు.

మొదటి అడుగు: తీర్మానం

ఈసీ (కార్యవర్గ) సమావేశంలో నోటిమాటగా "మీరు చూసుకోండి సార్" అనిపించుకుని పని మొదలుపెట్టకండి. జనరల్ బాడీలో తీర్మానం చేయించి మినిట్స్‌లో రాయించండి. వాక్యాలు ఇలా ఉంటే చాలు:

"రాష్ట్రంలో రాబోయే పదేళ్ల పిల్లల శస్త్రచికిత్స అవసరాలపై ప్రణాళిక తయారీకి ఏడుగురు సభ్యులతో కమిటీ నియమించడమైనది. కమిటీ కాలపరిమితి మూడేళ్లు. అధ్యక్ష, కార్యదర్శుల మార్పుతో దీనికి సంబంధం లేదు. సభ్యుల వివరాలు సేకరించుటకు, రెండు లక్షల రూపాయల వరకు ఖర్చు చేయుటకు కమిటీకి అధికారం ఉన్నది. ఏటా జనరల్ బాడీలో జమాఖర్చుల కంటే ముందు కమిటీ నివేదిక చదవవలెను."

మూడేళ్లు అని రాయకపోతే ఏడాదికొక ప్రెసిడెంటు, ఏడాదికొక ప్రణాళిక అవుతుంది. డబ్బు అధికారం రాయకపోతే డేటా ఎంట్రీ మనిషికి జీతం ఇవ్వాలన్నా ట్రెజరర్ సంతకం కోసం రెండు నెలలు తిరగాలి. ఇక జమాఖర్చుల కంటే ముందు అనేది ఎందుకో సదస్సులకు వెళ్లినవాళ్లకు చెప్పక్కర్లేదు. జనరల్ బాడీ సాయంత్రం ఆరింటికి పెడతారు, ఏడున్నరకు బాంక్వెట్. లెక్కల మీద ఇద్దరు వాదించుకునేలోపు హాలు ఖాళీ. కోరం ఎంతో, వాయిదా పడిన సమావేశానికి కోరం అక్కర్లేదో బైలాస్‌లో ముందే చూసుకోండి.

కమిటీ ఏడుగురిలో ఒక ప్రభుత్వ కాలేజీ ప్రొఫెసర్, జిల్లాలో ప్రాక్టీసు చేసే ఒకరు, కార్పొరేట్ ఆసుపత్రి నుంచి ఒకరు, నలభై ఏళ్లలోపు ఇద్దరు ఉండాలి. మిగిలిన ఇద్దరు మన సభ్యులే కానక్కర్లేదు: ఒక నియోనటాలజిస్టు, ఒక మత్తు డాక్టరు. ఈ ఇద్దరూ లేకుండా రాసిన ప్రణాళికలో అరవై శాతం ఊహే ఉంటుందని మా అభిప్రాయం. ప్రస్తుత ప్రెసిడెంటును కమిటీ చైర్మన్‌గా పెట్టకండి. నొచ్చుకుంటే గౌరవ సభ్యుడిని చేయండి.

రెండో అడుగు: మనుషుల లెక్క

మూడు నెలలు దీనికే పోతాయి. పోనివ్వండి.

సొసైటీ సభ్యుల జాబితాను నమ్మకూడదు. అందులో కాలం చేసినవారుంటారు, విదేశాల్లో స్థిరపడినవారుంటారు, వేరే రాష్ట్రానికి వెళ్లినవారు, కత్తి పట్టడం మానేసి పరిపాలనలో ఉన్నవారూ ఉంటారు. ఆసుపత్రుల జాబితా ఇంకో రకంగా తప్పుదారి పట్టిస్తుంది: ఒకే సర్జన్ పేరు ఐదు ఆసుపత్రుల ఎంప్యానెల్‌మెంట్ పత్రాల్లో కనబడుతుంది, కాగితం మీద ఐదుగురున్నట్టే. గూగుల్ ఫారం పంపి ఊరుకుంటే మూడో వంతు జవాబులు కూడా రావు, వచ్చినవి హుషారైనవాళ్లవే. అందుకే మనిషి మనిషికీ ఫోన్ చేయాలి. ఇద్దరు రెసిడెంట్లకు చెరో ఇరవై నంబర్లు ఇచ్చి రెండు వారాలు గడువు పెట్టండి.

అడగాల్సినవి ఎనిమిదే: పుట్టిన సంవత్సరం, ప్రధానంగా పనిచేసే ఊరు, వారంలో ఆపరేషన్ చేసే రోజులు, నెలలోపు పసిబిడ్డల కేసులు తీసుకుంటారా, రాత్రి కాల్ ఉందా, ఎవరు మత్తిస్తారు, లాపరోస్కోపీ చేస్తారా, ఇంకా ఎన్నేళ్లు పని చేద్దామనుకుంటున్నారు. ఆదాయం అడగకండి. ఆ ఒక్క ప్రశ్నతో ఈ ఎనిమిదింటికీ తలుపు మూసుకుంటుంది.

వచ్చిన పేర్లను పూర్తికాలపు లెక్కలోకి మార్చండి. వారానికి ఆరు రోజులు పనిచేసేవారు 1, మూడు రోజులవారు 0.5. పసిబిడ్డల కేసులు తీసుకునేవారికి వేరే వరుస పెట్టండి. అప్పుడు కనిపించే చిత్రం మామూలుగా ఇలా ఉంటుంది: మొత్తం సంఖ్య బాగానే ఉంటుంది, అందులో సగానికి పైగా రాజధానిలోనో ఒకటి రెండు పెద్ద నగరాల్లోనో ఉంటారు, పసిబిడ్డల వరుసలో కొన్ని ఉమ్మడి జిల్లాలకు సున్నా పడుతుంది. పదవీ విరమణ సంవత్సరాలను ఒక గీత మీద పేర్చండి. ఒకే ఏడాది రెండు మూడు యూనిట్ల పెద్దలు దిగిపోయే చోటు దొరికితే, మీ ప్రణాళికకు మొదటి తేదీ అదే.

మూడో అడుగు: పిల్లల లెక్క

ఇక్కడ ముందు కాగితం మీద అంచనా, తర్వాత అసలు సంఖ్య, ఆ రెంటి మధ్య తేడా.

25 లక్షల జనాభా ఉన్న పాత ఉమ్మడి జిల్లా ఒకటి తీసుకోండి. వెయ్యికి 16 చొప్పున ఏటా 40,000 కాన్పులు. మలద్వారం లేకుండా పుట్టడం సుమారు 5,000 మందిలో ఒకరికి: ఏటా 8 మంది. అన్నవాహిక మధ్యలో మూసుకుపోయి పుట్టడం 4,000కు ఒకటి అనుకుంటే 10 మంది. డయాఫ్రమ్ హెర్నియా (పొట్టకు, ఛాతీకి మధ్య పొరలో రంధ్రం) 3,000కు ఒకటి చొప్పున 13. హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు (పేగు చివర నరాల కణాలు లేక మలం కదలకపోవడం) 5,000కు ఒకటి, 8. బిలియరీ అట్రీసియా (పిత్తనాళాలు మూసుకుపోవడం) ఇద్దరో ముగ్గురో. మగపిల్లలు 20,000 అనుకుంటే, హైపోస్పేడియాస్ (మూత్రరంధ్రం కొసన కాక కింది వైపు ఉండటం) 300కు ఒకటి చొప్పున దాదాపు 70. ఏడాది నిండినా వృషణం దిగనివారు నూటికి ఒకరు, అంటే 200. హెర్నియాలు వీటన్నిటికంటే ఎక్కువ.

ఈ అంకెల్లోనే ప్రణాళిక దాగి ఉంది. పసిబిడ్డల పెద్ద ఆపరేషన్లు ఒక జిల్లాలో వారానికి ఒకటి కూడా రావు. ప్రతి జిల్లాలో పూర్తి నియోనేటల్ సర్జరీ కేంద్రం పెడితే చేతికి అలవాటు తప్పుతుంది, నర్సులకూ తప్పుతుంది. హెర్నియా, వృషణం లాంటివి మాత్రం వందల్లో ఉన్నాయి. వాటి కోసం తల్లిదండ్రులు రెండు వందల కిలోమీటర్లు ప్రయాణం చేయడం అన్యాయం.

అసలు సంఖ్యలకు మూడు చోట్లు ఉన్నాయి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ డేటా మొదటిది. ఇప్పుడు ఏపీలో అది ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు దగ్గర, తెలంగాణలో ఆరోగ్యశ్రీ ట్రస్టు దగ్గర ఉంటుంది. ప్రొసీజర్ కోడ్, వయసు, ఆసుపత్రి ఉన్న జిల్లా, బిడ్డ సొంత జిల్లా అడగండి. ఆఖరిది మర్చిపోతే మొత్తం వృథా, ఎందుకంటే కేసులన్నీ హైదరాబాదువో విశాఖవో అయిపోతాయి. పేర్లు, కార్డు నంబర్లు అడగొద్దు. లేఖకు జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల గడువు ఉంటుంది. రెండోది ఎస్ఎన్‌సీయూ రిజిస్టర్లు, అందులోనూ "రిఫర్డ్", "లామా" (వైద్య సలహాకు విరుద్ధంగా వెళ్లిపోయినవారు) గడులు. మూడోది ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం). 2013లో మొదలైన ఈ పథకం ప్రధాన జాబితాలో 30 సమస్యలున్నాయి. వాటిలో పుట్టుకతో వచ్చేవి తొమ్మిది. గ్రహణం మొర్రి, వంకర పాదం, గుండె లోపాలు అందులో ఉన్నాయి, మలద్వారం లేకపోవడం గానీ అన్నవాహిక మూసుకుపోవడం గానీ లేవు. లెక్కలో లేని బిడ్డ బడ్జెట్‌లోనూ ఉండడు. మీ అర్జీలో ఒక వాక్యం ఇక్కడే దొరికింది.

అంచనా 10, ట్రస్టు డేటాలో 4 వచ్చాయనుకోండి. మిగతా ఆరుగురు ఏమయ్యారు? కొందరు సొంత ఖర్చుతో చేయించుకుని ఉంటారు. చిత్తూరు వైపువాళ్లు వెల్లూరు, చెన్నై వెళ్తారు, అనంతపురం వాళ్లు బెంగళూరు వెళ్తారు. కొన్ని గర్భాలు స్కానింగ్ తర్వాత ముందే ఆగిపోతాయి. 2021 సవరణ తర్వాత తీవ్రమైన లోపాలకు మెడికల్ బోర్డు అనుమతితో 24 వారాలు దాటినా అవకాశం ఉంది. అలాంటి నిర్ణయం తీసుకునే ముందు తల్లిదండ్రులు పిల్లల సర్జన్‌తో మాట్లాడే ఏర్పాటు ఉందో లేదో కూడా కనుక్కోండి, సరిచేయదగిన లోపానికే గర్భం తీయించుకుంటున్నారేమో తెలుస్తుంది. మిగిలినవాళ్లు దారిలోనో, పేరు పెట్టకముందే ఇంటి దగ్గరో పోయినవాళ్లు. ఈ ఆఖరి గుంపు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

నాలుగో అడుగు: ఏ పని ఎక్కడ

ఇక్కడే గొడవలు వస్తాయి. ముందే ఊహించి రండి.

మూడు అంతస్తులు గీయండి. జిల్లా ఆసుపత్రి స్థాయిలో ఏడాది దాటిన పిల్లల హెర్నియా, వృషణం దింపడం, చీము గడ్డలు, అపెండిసైటిస్. ప్రాంతీయ కేంద్రంలో హైపోస్పేడియాస్, మూత్రనాళ సమస్యలు, పేగు చుట్టుకోవడం, కొలోస్టమీ (మలం పోయేందుకు పొట్ట మీద దారి చేయడం). రాష్ట్రం మొత్తానికి రెండు మూడు చోట్ల మాత్రమే అన్నవాహిక, డయాఫ్రమ్, కసాయ్ ఆపరేషన్ (బిలియరీ అట్రీసియాకు చేసేది), కణితులు. మొదటి అంతస్తులో పీడియాట్రిక్ సర్జన్ లేనిచోట జనరల్ సర్జన్ చేయవచ్చా అన్న ప్రశ్నకు కమిటీ దాటవేయకుండా జవాబు రాయాలి. మా మాట: ఏడాది దాటిన ఆరోగ్యవంతమైన బిడ్డకు, పిల్లలకు మత్తివ్వడంలో తర్ఫీదు ఉన్న డాక్టరు ఉంటే, మూడు నెలలు మన యూనిట్‌లో పనిచేసి వచ్చిన జనరల్ సర్జన్ హెర్నియా చేయవచ్చు. కొందరు సభ్యులు "మన అన్నం మనమే పెట్టేస్తున్నాం" అంటారు. వాళ్లకు రెండో అడుగులో సున్నాలు పడిన జిల్లాల పటం చూపించండి.

అన్నిటికీ గడియారం కట్టండి. ఉదాహరణకు బిలియరీ అట్రీసియా. కసాయ్ ఆపరేషన్ 60 రోజుల్లోపు జరిగితేనే ఫలితం మెరుగు. టీకాల షెడ్యూలు 6, 10, 14 వారాలు. ఆరో వారం అంటే 42వ రోజు, పదో వారం అంటే 70వ రోజు. కాబట్టి ఆరో వారం టీకాకు వచ్చినప్పుడే ఏఎన్ఎం "విరేచనం ఏ రంగులో ఉంది?" అని అడగాలి. తెల్లగానో సున్నపు రంగులోనో ఉందంటే ఆ వారంలోనే పంపాలి. పదో వారానికి వాయిదా వేస్తే గడువు దాటిపోయినట్టే. అలాగే వృషణం 6 నుంచి 18 నెలల మధ్య దింపాలి, తొమ్మిదో నెల మీజిల్స్–రుబెల్లా టీకా రోజున చూస్తే సరిగ్గా సరిపోతుంది. ఈ రెండింటికీ కొత్త పోస్టు అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. ఇమ్యునైజేషన్ కార్డు మీద రెండు గడులు అచ్చు వేయించమని అడగడమే.

మొదటి వంద రోజుల్లో చేతిలో ఏదో ఒకటి కనబడాలి, లేకపోతే సభ్యులు చల్లబడతారు. లేబర్ రూం గోడకు అంటించే కార్డు దానికి బాగా పనికొస్తుంది. ఏ4 సైజు, లామినేట్ చేయించినది, ఐదు వరుసలు:

పుట్టగానే మలద్వారం ఉందో చూడండి.
నోట్లో నురగ వస్తుంటే పాలు పట్టకుండా 10 సైజు గొట్టం నోటి ద్వారా వేయండి. దాదాపు 10 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతే తల ఎత్తి పెట్టి, నోట్లోది లాగుతూ పంపండి.
పచ్చ వాంతి అంటే సర్జరీ కేసు, లేదని తేలేవరకు.
48 గంటల్లో కాటుక విరేచనం కాకపోతే ఫోన్ చేయండి.
పేగులు బయట ఉంటే శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో చంకల వరకు ఉంచి, ఒంటిని వెచ్చగా ఉంచి పంపండి.

కింద ఒకే ఫోన్ నంబరు. అది వ్యక్తి నంబరు కాకూడదు, యూనిట్ సిమ్ అయి ఉండాలి. డ్యూటీ ఎవరిదైతే ఫోన్ వాళ్ల జేబులో ఉండాలి. పేగు చుట్టుకున్న బిడ్డ కంటే చల్లబడి వచ్చిన బిడ్డే మనల్ని ఎక్కువ ఇబ్బంది పెడుతుందని అనుభవం ఉన్నవారందరికీ తెలుసు. ఆఖరి వరుసలో "వెచ్చగా" అన్న మాటను పెద్ద అక్షరాల్లో వేయించండి.

ఐదో అడుగు: అర్జీ

నలభై పేజీల నివేదిక సొసైటీ కోసం. ప్రభుత్వానికి ఒకే పేజీ. దాని మీద మూడు కోరికలకు మించకూడదు, ప్రతిదీ ఒక జీవోగా మారగలిగేలా ఉండాలి. "పిల్లల సర్జరీని బలోపేతం చేయాలి" అని రాస్తే ఏ అధికారీ ఫైలు కదపలేరు. "ఫలానా బోధనాసుపత్రిలో ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్, ఒక సీనియర్ రెసిడెంట్, నాలుగు నర్సు పోస్టులు మంజూరు చేయాలి, ఏడాది జీతాల ఖర్చు ఇంత" అని రాస్తే కదులుతుంది. సర్జన్ పోస్టు ఒక్కటే ఎప్పుడూ అడగకండి. సర్జన్, మత్తు డాక్టరు, నర్సులు, వెంటిలేటర్ పడక: ఈ నాలుగింటినీ ఒకే వరుసలో రాయండి.

రాష్ట్ర బడ్జెట్ ఫిబ్రవరి–మార్చిలో వస్తుంది, శాఖల ప్రతిపాదనలు అంతకు నెలల ముందే కట్టేస్తారు. దసరాలోపు కాగితం చేరకపోతే ఏడాది ఆగినట్టే. ప్యాకేజీ రేట్ల కోసం వెళ్లేటప్పుడు "గిట్టుబాటు కావడం లేదు" అన్న మాట పనిచేయదు. పది అన్నవాహిక కేసుల షీట్లు తీసి వెంటిలేటర్ రోజులు, టీపీఎన్ (రక్తనాళం ద్వారా ఇచ్చే పోషకాహారం) బాటిళ్లు, యాంటీబయాటిక్స్, నర్సు షిఫ్టులు పట్టిక కట్టండి. ఖర్చు థియేటర్‌లో తక్కువ, ఎన్ఐసీయూలో ఎక్కువని ఆ పట్టికే చెబుతుంది. అప్పుడు అడగాల్సింది ఆపరేషన్ రేటు పెంపు కన్నా, వెంటిలేటర్ రోజులకు విడిగా చెల్లింపు.

ఆరో అడుగు: చదువు, ఇప్పుడు సీట్లు

పోస్టుల లెక్క తేలాకే ఇది. జనరల్ సర్జరీలో ఎంఎస్ తర్వాత మూడేళ్ల ఎంసీహెచ్. ముగిసేసరికి వయసు ముప్పై దాటుతుంది, బాండు (తప్పనిసరి ప్రభుత్వ సేవ) వేరే. ఎందుకు చేరడం లేదో తెలియాలంటే చేరినవాళ్లను అడిగి లాభం లేదు. ర్యాంకు వచ్చినా వేరే బ్రాంచి తీసుకున్న పదిహేను మందితో మాట్లాడండి. పీజీలో పిల్లల సర్జరీ యూనిట్‌ను చూసే అవకాశమే రాలేదని ఎక్కువమంది చెబితే, మందు కౌన్సెలింగ్ దగ్గర కాదు, ఎంఎస్ రొటేషన్‌లో ఉంది.

చేరినవాళ్ల లాగ్‌బుక్కులు కాలేజీల వారీగా పక్కపక్కన పెట్టండి. ఒకచోట అన్నవాహికలు ఎక్కువ, మూత్రనాళం పని తక్కువ. ఇంకోచోట తారుమారు. రెండు కాలేజీల మధ్య ఆరు వారాల మార్పిడికి ఒప్పందం రాయించండి. స్టైపెండ్ ఎవరిస్తారు, హాస్టల్ ఎక్కడ, లాగ్‌బుక్ మీద ఎవరు సంతకం పెడతారు, ఈ మూడూ ఒప్పందంలో లేకపోతే మొదటి బ్యాచ్‌తోనే ఆగిపోతుంది.

డబ్బు గురించి రెండు మాటలు. సదస్సు మిగులులో ఐదో వంతు ఏటా ప్రణాళిక ఖాతాకు వెళ్లాలని తీర్మానంలోనే పెట్టండి. మందుల కంపెనీల సొమ్ము మీద మొత్తం ఆధారపడకండి. 2024 మార్చిలో వచ్చిన మార్కెటింగ్ కోడ్ తర్వాత విదేశాల్లో సీఎంఈలకు (డాక్టర్ల నిరంతర విద్యా కార్యక్రమాలకు) దారి మూసుకుపోయింది, ఇక్కడి కార్యక్రమాల ఖర్చుల లెక్కలూ బయటపెట్టాలి. అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న తెలుగు సర్జన్లు విరాళం ఇస్తామంటే సంతోషమే, కానీ విదేశీ విరాళానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా రూపాయి కూడా తీసుకోకండి. వాళ్ల దగ్గర డబ్బు కంటే సమయం అడగడం సులువు: నెలకొకసారి ఆన్‌లైన్‌లో కష్టమైన కేసుల చర్చ.

ఏటా చదవాల్సింది

జనరల్ బాడీలో ఐదు అంకెలు చాలు, ఒకే స్లైడు. పసిబిడ్డల సర్జన్ లేని ఉమ్మడి జిల్లాలెన్ని. ఏడాదిలో మంజూరై నిజంగా భర్తీ అయిన పోస్టులెన్ని. కసాయ్ నాటికి బిడ్డల సగటు వయసు ఎన్ని రోజులు. యూనిట్‌కు చేరేసరికి ఒళ్లు చల్లబడిన బిడ్డలు నూటికి ఎందరు. నిండిన ఎంసీహెచ్ సీట్లెన్ని. అంకె చెడిపోయిన ఏడాది కూడా అదే స్లైడు చూపించండి, మార్చకండి.

చివరగా చిన్న విషయమే గానీ చాలా ప్రణాళికలు ఇక్కడే చచ్చిపోయాయి. ఎక్సెల్ ఫైలు, డ్రైవ్, ఈమెయిల్ ఏవీ సెక్రటరీ సొంత ఖాతాలో ఉండకూడదు. సొసైటీ పేరుతో ఖాతా తెరిచి, పాస్‌వర్డ్‌ను సీలు వేసిన కవర్‌లో ట్రెజరర్ దగ్గర ఒకటి, ఆఫీసు బీరువాలో ఒకటి పెట్టండి. ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు కూడా సొసైటీ సిమ్‌దే అయి ఉండాలి, నెలనెలా రీఛార్జి చేయించే బాధ్యత ఎవరిదో మినిట్స్‌లో రాయించండి.